టవరెక్కాలంటే... ముందు తహసీల్దారు ఆఫీసు!

రేపల్లెలో ఎండాకాలం రాత్రి. డాబా మీద పక్కలు పరిచారు. నక్షత్రాల మధ్య ఎర్రదీపం ఒకటి ఆరుతూ వెలుగుతూ వెళుతోంది. 'ఎక్కడికి పోతుందిరా ఆ విమానం?' అని నాయనమ్మ అడుగుతుంది. 'మద్రాసుకి' అంటాడు మనవడు ఠక్కున. నిజానికి వాడికీ తెలీదు! తెలిసిన మనిషి మాత్రం ఒకరున్నారు. చెన్నైలో ఓ గదిలో తెర ముందు కూర్చుని, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని ఆ విమానంతో మాట్లాడుతూ ఉంటారు. కృష్ణా డెల్టా మీదుగా అంత ఎత్తున వెళ్లే విమానాలకు దారి చెప్పేది చెన్నై కంట్రోలర్లే. ఎంత ఎత్తులో వెళ్లాలో, ఎటు తిరగాలో, ఎప్పుడు కిందికి దిగాలో... అన్నీ వాళ్ల నోటి మాట మీదే.

ఆ కుర్చీలో రేపల్లె పిల్లాడు కూర్చోకూడదా? బాపట్ల అమ్మాయి కూర్చోకూడదా? నిక్షేపంగా కూర్చోవచ్చు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా 'జూనియర్ ఎగ్జిక్యూటివ్ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్)' పేరుతో ఈ ఉద్యోగాలు భర్తీ చేస్తుంది. 2022లో 400, 2023లో 496, 2025లో 309 పోస్టులకు ప్రకటనలు ఇచ్చింది. మూల వేతనమే నెలకు 40 వేల రూపాయలతో మొదలవుతుంది. అలవెన్సులు దానికి అదనం. ఐఐటీ చదివి ఉండక్కర్లేదు. పైలట్ లైసెన్సుతో పని లేదు.

బాపట్లలో 'ఆకాశం ఉద్యోగం' అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఎయిర్‌ఫోర్స్. సూర్యలంకలో వైమానిక దళ కేంద్రం ఉంది మరి! ఇది ఆ ఉద్యోగం కాదు. యూనిఫాం లేదు, పరుగు పందాలు లేవు. పౌర విమానాల వ్యవహారం. గన్నవరం విమానాశ్రయాన్ని నడిపేది ఈ అథారిటీయే. శంషాబాద్ విమానాశ్రయం ప్రైవేటు సంస్థదే అయినా, అక్కడి టవర్లో ఉండేది మాత్రం అథారిటీ కంట్రోలర్లే. విశాఖపట్నం సంగతి వేరు. అది నౌకాదళం రన్‌వే కాబట్టి టవర్ కూడా వాళ్లదే.

ఈ ఉద్యోగాల గురించి రాసేవాళ్లంతా పరీక్ష గురించే రాస్తారు. పరీక్ష కష్టమే, కాదనలేం. కానీ పరీక్షలో పోతే మళ్లీ రాసుకోవచ్చు. పరీక్షలో గెలిచి, కాగితాల దగ్గర ఓడిపోతేనే బాధ. రెండేళ్లు కూర్చుని చదివిన పిల్లాడు చివరికి సర్టిఫికెట్ల పరిశీలన రోజున బల్ల ముందు నిలబడి 'సార్, ఇది మా తహసీల్దారు ఇచ్చిందే కదండీ' అని బతిమాలుకోవాల్సి వస్తే ఎలా ఉంటుంది? అందుకే ముందుగా కాగితాల సంగతి.

చదువుతోనే మొదలుపెడదాం. మూడేళ్ల బీఎస్సీలో ఫిజిక్స్, మ్యాథమెటిక్స్ ఉండాలి. లేదా ఏ బ్రాంచి బీటెక్ అయినా పర్వాలేదు, ఏదో ఒక సెమిస్టర్లో ఫిజిక్స్, మ్యాథ్స్ చదివి ఉండాలి. పాత రోజుల్లో దీని గురించి తల బద్దలు కొట్టుకోవాల్సిన పని లేదు. తెనాలిలోనో బాపట్లలోనో డిగ్రీలో ఎంపీసీ తీసుకుంటే చాలు, రెండూ వచ్చేసేవి. 2023-24 నుంచి రాష్ట్రంలో డిగ్రీకి 'సింగిల్ మేజర్' పద్ధతి వచ్చింది. ఫిజిక్స్ మేజర్‌గా తీసుకున్నవాళ్లు మైనర్‌గా మ్యాథ్స్ కాకుండా కంప్యూటర్స్ ఎంచుకుంటే? డిగ్రీ చేతికొస్తుంది, ఈ ఉద్యోగానికి మాత్రం చిక్కొస్తుంది. కాలేజీలో చేరేటప్పుడు 'ఏదోటి టిక్కు పెట్టేయ్' అనే స్నేహితుడి మాట వినేముందు ఇంట్లో ఓసారి మాట్లాడుకోండి. ఇప్పటికే ఆ పద్ధతిలో చదివినవాళ్లు మార్కుల జాబితాలో రెండు సబ్జెక్టుల పేర్లూ కనిపిస్తున్నాయో లేదో చూసుకోవాలి. ప్రకటన వచ్చాక అందులోని అర్హత వాక్యాన్ని పక్కన పెట్టుకుని మరీ చూసుకోవాలి.

బీటెక్ వాళ్లకు ఇంత బెంగ లేదు. మొదటి ఏడాదిలో ఇంజినీరింగ్ ఫిజిక్స్, మ్యాథ్స్ ఎలాగూ ఉంటాయి. ఆ మొదటి ఏడాది మెమోలు పోగొట్టుకోకుండా ఉంటే చాలు. పాలిటెక్నిక్ చదివి, ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరినవాళ్లు మాత్రం ఆగి ఆలోచించాలి. ఫిజిక్స్ మొదటి ఏడాదిలోనే అయిపోతుంది. వీళ్లకు ఆ ఏడాదే లేదు!

తర్వాతి చిక్కు పేరు. మన పేర్లకు ఇంటిపేరు ముందుంటుంది. పదో తరగతి మెమోలో అది పొడి అక్షరమై కూర్చుంటుంది. ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. డిగ్రీ దగ్గరికొచ్చేసరికి ఏ గుమస్తా పుణ్యమో చివరికి వెళ్తుంది. 'లక్ష్మి'ని ఇంగ్లిషులో ఒకచోట 'కే ఎస్ హెచ్'తో, ఇంకోచోట 'ఎక్స్'తో రాసిన ఇళ్లు తెనాలి వీధికి పది ఉంటాయి. దరఖాస్తులో పదో తరగతి మెమోలో ఉన్నట్టే పేరు నింపాలి. ఆధార్ వేరేగా ఉంటే ఆధార్‌నే సరిచేయించుకోవాలి. ఇది ప్రకటన వచ్చాక నెల రోజుల్లో తేలే పని కాదు, ఇప్పుడే మొదలుపెట్టాలి. నెట్ సెంటర్ కుర్రాడికి అప్పజెప్పి టీ తాగడానికి వెళ్లడం అసలే కుదరదు. పక్కనే నిలబడి అక్షరం అక్షరం చూసుకోవాలి.

ఇక కుల ధ్రువీకరణ. ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. ఇంట్లో బీసీ సర్టిఫికెట్ ఉంది, బీ అనో డీ అనో రాసి ఉంది. అది రాష్ట్ర ఉద్యోగాలకు. కేంద్ర సంస్థకు కేంద్ర నమూనాలో ఓబీసీ సర్టిఫికెట్ కావాలి. క్రీమీలేయర్ కాదన్న మాట అందులో స్పష్టంగా ఉండాలి. ఇంకో మెలిక... రాష్ట్రంలో బీసీ అయిన ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండాలని లేదు. ముందు ఆ జాబితా చూసుకుని, ఆ తర్వాతే తహసీల్దారు కార్యాలయానికి వెళ్లడం మంచిది.

2019లో ఆర్థికంగా వెనకబడిన వర్గాల కోటా వచ్చాక డెల్టాలో మరో రకం లెక్కలు మొదలయ్యాయి. ఏడాదికి కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి. ఇందులో జీతమూ, పొలం మీద వచ్చేదీ అన్నీ కలుస్తాయి. పొలం 5 ఎకరాల లోపే ఉండాలి. ఆదాయం ఎంత తక్కువైనా, పట్టాదారు పుస్తకంలో 5 ఎకరాలు కనిపిస్తే కథ ముగిసినట్టే. వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటు ఉన్నా అంతే. ఆ సర్టిఫికెట్ కూడా ప్రకటన అడిగిన ఆర్థిక సంవత్సరానిదే అయి ఉండాలి. పోయినేడు తెచ్చింది ఈ ఏడు చెల్లదు. ఈ కోటాలో వయసు సడలింపు లేదన్న సంగతి చాలామందికి దరఖాస్తు నింపేటప్పుడే తెలుస్తుంది.

వయసు విషయంలో గడియారం ఎంత కచ్చితమో చూడండి. గరిష్ఠ వయసు 27. ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు అయిదేళ్లు సడలింపు. లెక్కగట్టేది దరఖాస్తుల ఆఖరి తేదీ నాటికి. 2023లో దరఖాస్తుల గడువు నవంబరు 30తో ముగిసింది. తర్వాతి ప్రకటనకు గడువు 2025 మే 24. మధ్యలో దాదాపు ఏడాదిన్నర! మొదటిసారి 26 నిండి 'ఈసారికి వద్దులే, వచ్చే ఏడాది బాగా చదివి రాద్దాం' అనుకున్న జనరల్ అభ్యర్థి రెండోసారికి అనర్హుడైపోయాడు. ఏటా ప్రకటన వస్తుందన్న భరోసా లేనప్పుడు వచ్చినప్పుడు రాసేయడమే దారి. 2025 ప్రకటనలో ఫీజు వెయ్యి రూపాయలు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు అదీ లేదు.

పరీక్ష సంగతి నాలుగు ముక్కల్లో చెప్పుకోవచ్చు. 120 ప్రశ్నలు, రెండు గంటలు, కంప్యూటర్ మీద రాయాలి. తప్పు రాస్తే మార్కులు తగ్గించరు. సగం ప్రశ్నలు మ్యాథ్స్, ఫిజిక్స్ నుంచే. మిగతా సగం ఇంగ్లిషు, రీజనింగ్, అంకగణితం, జనరల్ నాలెడ్జ్. అటక మీద పడేసిన తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాలు దింపి దులిపితే సగం దారి పడినట్టే. ప్రశ్నపత్రం తెలుగులో ఉండదు. తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లు అవే లెక్కలను ఇంగ్లిషు మాటల్లో చదవడం ముందు నుంచీ అలవాటు చేసుకోవాలి.

ఆ తర్వాతే పల్లె పిల్లలు భయపడే ఘట్టం... వాయిస్ టెస్ట్!

మాటతో పేరు తెచ్చుకోవడం తెనాలి ప్రాంతానికి కొత్త కాదు. పక్కనున్న మోరంపూడిలో పుట్టిన కొంగర జగ్గయ్య సినిమాల్లోకి రాకముందు ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివారు. ఆ కంచుకంఠం ఆయనకే చెల్లింది. కంట్రోలర్‌కు అంత గాంభీర్యం అక్కర్లేదు. ఇంకా చెప్పాలంటే, అసలు భావమే పలకకూడదు! మాట స్పష్టంగా, తడబాటు లేకుండా ఉంటే చాలు. నిమిషానికి వంద పదాలు దాటకుండా మాట్లాడాలన్నది అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ సూచన. బస్టాండులో మనం మాట్లాడుకునే వేగంతో పోలిస్తే అది ఎడ్లబండి నడకే. అంకెలకు కూడా వేరే ఉచ్చారణ ఉంది. త్రీ అనరు, 'ట్రీ' అంటారు. ఫైవ్ 'ఫైఫ్' అవుతుంది, నైన్ 'నైనర్' అవుతుంది. రేడియోలో గరగర మధ్య ఒకదానికొకటి అనిపించకూడదని ఈ ఏర్పాటు.

ఇంత పట్టింపు ఎందుకంటే, 1996 నవంబరు 12 సాయంత్రం గుర్తు చేసుకోవాలి. ఢిల్లీ నుంచి బయల్దేరిన సౌదీ విమానాన్ని 14 వేల అడుగుల దగ్గర ఉండమన్నారు. ఎదురుగా దిగుతున్న కజకిస్థాన్ విమానాన్ని 15 వేల దగ్గర ఆగమన్నారు. కంట్రోలర్ చెప్పిన మాటలో పొరపాటు లేదు. ఆ మాటను కజక్ విమానంలో సరిగ్గా అందుకోలేదు. విమానం ఇంకా కిందికి దిగింది. హర్యానాలోని చర్ఖీ దాద్రీ పొలాల మీద రెండూ ఢీకొని 349 మంది చనిపోయారు. ఆ సిబ్బందికి ఇంగ్లిషు అంతంత మాత్రంగా రావడం మీద దర్యాప్తులో పెద్ద చర్చే జరిగింది. ఆ తర్వాతి ఏళ్లలో పైలట్లకు, కంట్రోలర్లకు ఇంగ్లిషు స్థాయిని కొలిచే పద్ధతి ప్రపంచమంతటా వచ్చింది. 2008 మార్చి నుంచి అమలవుతున్న ఆ నిబంధనలో ఆరు మెట్లున్నాయి. అందులో నాలుగో మెట్టు ఎక్కితే చాలు.

ఆ నాలుగో మెట్టు గురించి మన పిల్లలకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. మాతృభాష యాస ఉండొచ్చని అందులోనే రాశారు! ఎదుటివారికి అర్థం కావడానికి అది మరీ అడ్డు పడకుంటే సరి. రేపల్లె యాసలో ఇంగ్లిషు మాట్లాడటం నేరమేమీ కాదన్నమాట. రోజూ ఓ పావుగంట ఇంగ్లిషు పేపరు పైకి చదివితే, అమ్మ వంటింట్లోంచి 'ఎవర్రా ఆ మాట్లాడేది?' అని అడిగితే, సాధన సరిగ్గా సాగుతున్నట్టే.

వైద్య పరీక్షలో ఓ చిన్న విషయం పెద్ద దెబ్బ కొడుతుంది. రంగులు సరిగ్గా గుర్తించలేని లోపం మగపిల్లల్లో ఎక్కువ. పుట్టుకతోనే ఉంటుంది, అది ఉన్నట్టు చాలామందికి తెలియనే తెలియదు. కళ్లజోడు ఉన్నంత మాత్రాన భయం లేదు కానీ, రంగుల దగ్గర రాజీ లేదు. చుక్కల్లో దాగిన అంకెలు చదివించే ఆ పరీక్ష కంటి వైద్యుడి దగ్గర అయిదు నిమిషాల పని. కోచింగ్ ఫీజు కట్టడానికి ముందే చేయించుకోవాలి, రెండేళ్ల చదువు తర్వాత కాదు. మానసిక సామర్థ్య పరీక్ష, మత్తు పదార్థాల పరీక్ష కూడా ఉంటాయి. వీటిలో నెగ్గితే చాలు, మార్కులు ఉండవు.

ఇంటర్వ్యూ మార్కులూ లేవు. ఎంపిక జాబితా రాతపరీక్ష మార్కుల మీదే తయారవుతుంది. 2014 నుంచి 2018 వరకు పౌర విమానయాన మంత్రి విజయనగరానికి చెందిన అశోక్ గజపతిరాజు. 2024 జూన్‌లో ఆ శాఖ శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడికి దక్కింది. 'మనవాడే మంత్రి, ఓ అయిదు లక్షలిస్తే టవర్లో కూర్చోబెడతా' అనే పెద్దమనుషులు ఎవరైనా గుమ్మం తొక్కితే, మంచినీళ్లిచ్చి పంపేయండి. ఏ మంత్రి ఉన్నా కంప్యూటర్ మార్కులు మారవు.

ఎంపికయ్యాక ప్రయాగ్‌రాజ్‌లో 1948 నాటి పౌర విమానయాన శిక్షణ కళాశాల ఉంది, బేగంపేటలోనూ శిక్షణ కేంద్రం ఉంది. శిక్షణ తర్వాత కొన్నేళ్లు ఉద్యోగం వదలనని బాండు రాయాలి. పోస్టింగు దేశంలో ఎక్కడైనా పడొచ్చు. అస్సాంలోనో గుజరాత్‌లోనో రాత్రి షిఫ్టు... పండక్కి సెలవు దొరకదు. సంక్రాంతి నాడు విమానాలు ఆగవు కదా! అమ్మాయిని అంత దూరం పంపాలా అని ఆలోచించే తల్లిదండ్రులు ఆ మాట కూడా దరఖాస్తుకు ముందే ఇంట్లో తేల్చుకోవాలి.

ప్రస్తుతానికి చేయాల్సిన పని ఒక్కటే. బీరువాలోంచి పదో తరగతి మెమో, ఆధార్ కార్డు, డిగ్రీ మెమోలు తీసి మంచం మీద వరసగా పరచండి. కళ్లజోడు పెట్టుకుని, అన్నింటి మీదా పేరు ఒకేలా ఉందో లేదో నాన్నను చదవమనండి.