పిట్ట కొంచెమైనా కూత ఘనమే

మధ్యధరా సముద్రంలోని మాల్టా ఒక చిన్న ద్వీపదేశం. దాని విస్తీర్ణం 316 చదరపు కిలోమీటర్లు. జనాభా సుమారు ఐదున్నర లక్షలు. 1971లో తొలిసారి యూరోవిజన్ పాటల పోటీలో పాల్గొన్న ఈ దేశం 2025 వరకు ఒక్కసారైనా గెలవలేదు. చిన్నదేశం కావడమే ఇందుకు కారణమా? కాదని నా అభిప్రాయం.

1956లో ఏడు దేశాలతో ఆరంభమైన ఈ పోటీలో ఏ దేశమూ తన పాటకు తాను ఓటు వేసుకోరాదు. కోట్ల జనాభా గల జర్మనీ ఇచ్చే పాయింట్లకూ, వేలలో జనాభా గల శాన్ మారినో ఇచ్చే పాయింట్లకూ విలువ ఒక్కటే. సుమారు 14 లక్షల జనాభా గల ఎస్టోనియా 2001లో విజేత అయింది. అంతకన్నా చిన్నదైన లక్సెంబర్గ్ 1961–1983 మధ్య ఐదుసార్లు గెలిచింది. అయితే ఆ ఐదు విజయాలూ విదేశీ గాయకులు సాధించి పెట్టినవే. అరువు గొంతుతో వచ్చిన కీర్తి ఆ జాతిది ఎంతవరకు అవుతుంది?

మాల్టా 1971, 1972లలో మాల్టీస్ భాషలో పాడి రెండుసార్లూ చివరి స్థానంలో నిలిచింది. తరువాత ఆంగ్లంలో పాడి 2002, 2005లలో ద్వితీయ స్థానం పొందింది. కనుక ఆంగ్లమే మేలని కొందరు వాదించవచ్చు. ఆ వాదంలో కొంత బలం లేకపోలేదు. కాని ఆంగ్లం ఆ దేశాన్ని గుమ్మం వరకే తెచ్చింది, లోపలికి చేర్చలేదు. పైగా నాడు తీర్పు చెప్పినవారు ఒక్కొక్క దేశం నుండి ఇద్దరు న్యాయనిర్ణేతలు మాత్రమే. నేడు సామాన్య ప్రేక్షకులకూ ఓటు ఉంది.

1964 నుండి పోటీపడుతూ వచ్చిన పోర్చుగల్‌కు తొలి విజయం 2017లో లభించింది. సోదరి లూయీసా రచించిన పాటను సాల్వడోర్ సోబ్రాల్ ఏ ఆడంబరమూ లేకుండా పోర్చుగీసులోనే పాడాడు. న్యాయనిర్ణేతలూ, ప్రేక్షకులూ ఆ పాటకే ప్రథమస్థానం ఇచ్చారు. భాష తెలియకున్నా భావం హృదయాలను తాకింది.

అరబ్బీ మూలం నుండి పుట్టి, రోమన్ లిపిలో వెలసిన మాల్టీస్ ఒక విశిష్టమైన భాష. ఆ సంపదను ఇంట దాచుకొని పరభాషలో పాడినంతకాలం మాల్టా పదిమందిలో ఒకటిగానే మిగులుతుంది. సొంత గొంతుతో పాడితే గెలుపు తథ్యమని ఎవరూ చెప్పలేరు. కాని ఓడినా ఐదున్నర లక్షల మంది నివసించే ఆ దీవుల భాషను లోకం వింటుంది. గెలిస్తే ఆ గెలుపు సంపూర్ణంగా మాల్టాదే అవుతుంది.