ఫోటో తిప్పితే కేసు చెడుతుంది

"పోస్టు పెడితెనే న్యాయం సారూ, కోర్టుల చుట్టు తిరిగితె చెప్పులరుగుతయ్." మొన్న ధర్మపురిలో గోదావరి ఒడ్డున చాయ్ తాగుతుంటే ఓ యువకుడన్న మాట. చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపారు. నాకు ఒళ్లు మండింది. ఎందుకో రెండు కేసులు చెబుతాయి.

2019 నవంబరు 24న ఆసిఫాబాద్ జిల్లా ఎల్లాపటార్ దగ్గర, ఊరూరా తిరిగి సరుకులమ్ముకునే దళిత మహిళను ముగ్గురు చెరిచి చంపారు. సమత అన్నది ఆమెకు పెట్టిన మారుపేరు. మూడు రోజులకు శంషాబాద్ దగ్గర, దిశ అని మారుపేరు పెట్టిన యువతినీ అలాగే చెరిచి చంపారు. దిశ కోసం దేశమంతా ఫోన్లలో ఊగిపోయింది. "చంపెయ్యండి" అని రాయనివాడు పాపాత్ముడైనట్టే చూశారు. డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో పోయారు. పోలీసుల మీద పూలు చల్లారు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్, చంపాలనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని తేల్చింది. దిశను చంపింది వీళ్లేనని ఏ కోర్టూ తీర్పు రాయలేదు, ఇక రాయబోదు కూడా.

మరి ఎల్లాపటార్ కేసు? ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు సాక్షులను విని, ఘటన జరిగిన 67 రోజులకు, 2020 జనవరి 30న ముగ్గురినీ దోషులని తేల్చి ఉరిశిక్ష వేసింది. ఉరి మీద ఎవరి అభిప్రాయం వాళ్లది. సమతకు తీర్పు ఉంది, దిశకు లేదు.

ధర్మపురిలో యమధర్మరాజుకు గుడి ఉంది. ఆయన సైతం చిత్రగుప్తుడి చిట్టా చూడనిదే శిక్ష వేయడని చెప్పుకునే జనం మనం. అలాంటి మనమే నిందితుడి ఫోటో గ్రూపుల్లో తిప్పుతున్నాం. గుర్తింపు పరేడ్‌లో సాక్షి "వీడే" అని చూపిస్తే, రేపు డిఫెన్స్ వకీలు మొదట అడిగేది "ఫోన్‌లో ముందే చూశావా?" అని. చూశానంటే ఆ గుర్తింపు విలువ అక్కడే పడిపోతుంది. నేరస్తుడు బయటపడే దారి మనమే వేసినట్టు! అత్యాచార బాధితురాలి పేరు చనిపోయాక కూడా బయటపెట్టొద్దని 2018లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పెడితే రెండేళ్ల దాకా జైలు. అయినా దిశ అసలు పేరు, ఫోటో తిరగని ఫోన్ ఉందా?

పోస్టులతోనే కొన్ని కేసులు కదిలాయంటారు. కదిలింది ఠాణా. కోర్టులో నిలబెట్టేది సాక్ష్యం.

తమ్మీ, నీ ఫోన్లో వీడియో ఉంటే గ్రూపులో పెట్టకు, చెరపకు. ఆ ఫోన్ పట్టుకొని ఠాణాకు పో, వాంగ్మూలం ఇయ్యి. సమన్లొచ్చిన రోజు పని మానుకొనైనా జగిత్యాల కోర్టుకు పోయి బోనెక్కు.