సొంతమన్న మాటలోని ఋణము



ఒకనాడు ఎనిమిదవ తరగతిలో మేము తెలుగు పాఠము చెప్పుచుండగా ఒక బాలుడు లేచి నిలిచెను. అంతకు ముందు గంటలో వారికి ఆంగ్ల పాఠము జరిగినది. అందులో ‘ఓన్’ అను మాట వచ్చినది. దానికి ‘సొంతము’ అని అర్థము వ్రాసికొని వారు మా తరగతికి వచ్చియుండిరి. ఆ బాలుని తండ్రి కొన్ని వారములుగా పొలము పట్టాలో పేరు మార్పించుకొనుటకై తాలూకా కచేరికి తిరుగుచున్నాడని మాకు తెలియును. “అయ్యవారూ, మా చేను మా సొంతమని పట్టా ఉంది. తెలుగు మా సొంతమంటారే, దానికి పట్టా యాడుంది?” అని అతడడిగెను.

తరగతియంతయు నవ్వినది. మాకు మాత్రము నవ్వు రాలేదు. ప్రశ్న పిల్లవానిదే యైనను, తమిళనాటి ఈ అంచున తరతరములుగా తెలుగు మాటలాడుచు బ్రతుకుచున్న మనయందరికిని అది చెందినది. ఆనాడు గంట మ్రోగుటచే సమాధానము చెప్పలేకపోతిమి. దానిని ఇప్పుడు ఈ పత్రికాముఖమున చెప్పదలచితిమి.

ముందుగా ఆ ఆంగ్ల పదమునే విచారింతము. ఓ, డబ్ల్యూ, ఎన్ అను మూడక్షరముల ఈ మాట మిక్కిలి పాతది. వెయ్యేండ్లకు పూర్వపు ఆంగ్లమున ‘ఆగన్’ అను క్రియ యుండెను. కలిగియుండుట, తన వశమున నుంచుకొనుట దాని యర్థము. దానినుండి ‘ఆగెన్’ అను విశేషణము వచ్చినది. అనగా ఒకనికి చెందినది అని భావము. అదియే కాలక్రమమున అరిగి నేటి ‘ఓన్’ అయినది. జర్మను భాషలో నేటికిని సొంతమైన దానిని ‘ఐగెన్’ అందురు. అది దీనికి తోబుట్టువు.

అయితే ఆ పాత క్రియకు ఇదియొక్కటే సంతానము కాదు. ఓ, డబ్ల్యూ, ఈ అని వ్రాయు మాట మీకు తెలియును. అప్పుపడియుండుట దాని యర్థము. అదియు ‘ఆగన్’ నుండియే వచ్చినది. చేయుట ధర్మము, చేయవలెను అను అర్థమున మీరు ఆంగ్ల వ్యాకరణమున నేర్చుకొను ‘ఆట్’ అను సహాయక్రియయు మొదట ఆ క్రియయొక్క భూతకాల రూపమే. సొంతము, అప్పు, కర్తవ్యము అను మూడు మాటలును ఒక తల్లి బిడ్డలన్నమాట.

ఇది యెట్లు జరిగినది? ‘నా వద్ద ఒకటి కలదు’ అన్న భావము, ‘నా వద్ద ఇతరునికి ఈయవలసినది కలదు’ అన్న భావములోనికి జారినది. అది అప్పైనది. ఈయవలసినది కలవాడు ఈయక తప్పదు గావున, అది కర్తవ్యమైనది. ఈ మార్పు ఒక్కనాట జరుగలేదు. షేక్‌స్పియర్ (1564–1616) నాటకములలో, నేడు అప్పును మాత్రమే తెలుపు ఆ క్రియ, కొన్నిచోట్ల కలిగియుండుట అను పాత యర్థముననే కనబడును.

ఈ పదమునకు మరియొక యర్థము కలదు. తప్పు చేసినవాడు ‘ఇది నేను చేసినదే’ అని ఒప్పుకొనుటకును, తండ్రి ఒక బిడ్డను ‘వీడు నా బిడ్డ’ అని నలుగురి యెదుట చెప్పుటకును ఆంగ్లమున ఇదే క్రియను వాడుదురు. అనగా తనది ఐనదానిని తనదని చెప్పుకొనుట కూడ సొంతములోని భాగమే.

భాషాశాస్త్రవేత్తలు ఈ కుటుంబమును ఇంకను వెనుకకు తీసికొనిపోయి, సంస్కృతములోని ‘ఈశ’ ధాతువు దీనికి బంధువని చెప్పుదురు. ఈశుడు, ఈశ్వరుడు, ఐశ్వర్యము అను మాటలు ఆ ధాతువునుండి వచ్చినవే. అవి తత్సమములుగా మన తెలుగులోనికి చేరినవి. సీమలో పుట్టిన మాటకు మన శివాలయములో చుట్టమున్నదని వినిన మీకు వింత తోచవచ్చును. భాషల నడకలో ఇట్టి వింతలు పెక్కులు.

తెలుగు ఆ కుటుంబమునకు చెందినది కాదు. ఐనను మన పెద్దలు అదే సత్యమును తమ మాటలలో దాచియుంచిరి. ఎన్నడును చూడనివాడు ఇంటికి వచ్చి ఆత్మీయుడైనచో, “ఏదో ఋణానుబంధము” అందురు. బంధమున్నచోట ఋణమున్నదని ఆ మాటయే చెప్పుచున్నది. చుట్టములను మనము ‘అయినవారు’ అందుము. వారు మనకు అయినవారు గనుకనే వారి పెండ్లికి పోవలెను, వారి చావునకు పోవలెను, వారి కష్టమునకు చేయి చాపవలెను. ఇరుగుపొరుగు తమిళులు ‘సొందం’ అన్న మాటను ఆస్తికిని వాడుదురు, చుట్టరికమునకును వాడుదురు. చుట్టమును ‘సొందక్కారర్’ అందురని మన వీధి పిల్లలందరును ఎరుగుదురు.

ఇక పట్టా విషయమునకు వత్తము. పట్టా గలవాడు ఏటేట కిస్తు కట్టవలెను. చేను అతనిదే, కిస్తు బాధ్యతయు అతనిదే. కిస్తు కట్టి, దున్ని, విత్తి, కలుపు తీసినవానికి అది చేను. పట్టాను పెట్టెలో దాచి పొలము ముఖము చూడనివానికి అది బీడు.

భాషకు కూడ ఒక విధమైన పట్టా కలదు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 30వ అధికరణముచే అల్పసంఖ్యాకులకు తమ విద్యాలయములను స్థాపించుకొని నడుపుకొను హక్కు నిచ్చినది. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినది. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రముల విభజన జరిగినది. హోసూరు ప్రాంతము నాటి సేలము జిల్లాతో మదరాసు రాష్ట్రముననే నిలిచినది. మన తాతలు ఇల్లు కదలలేదు, చేను కదలలేదు. ఐనను వారు అల్పసంఖ్యాకులైరి. అదే 1956లో రాజ్యాంగమునకు 350ఎ అధికరణము చేర్చబడినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన కలిగించుటకు ప్రతి రాష్ట్రమును తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని అది చెప్పుచున్నది. తరువాత 2006లో తమిళనాట చేసిన చట్టము తమిళమును మొదటి తరగతి మొదలుకొని క్రమక్రమముగా పదవ తరగతివరకు అందరికిని విధిగా నేర్పవలెనన్నది. దానిపై మనవారు న్యాయస్థానములకు పోయిరి. హక్కుల కొరకు అట్లు నిలిచినవారికి మనము నమస్కరింపవలెను.

కాని మా అభిప్రాయమును నిస్సంకోచముగా చెప్పుచున్నాము. ఈ హక్కులన్నియు పట్టాలే. పట్టా వలన చేను దక్కును, పంట దక్కదు. తెలుగు మన సొంతమని సభలలో చెప్పి, ఇంట తెలుగు పుస్తకమొకటైనను లేకున్నచో మనము కిస్తు కట్టని రైతులము.

తనదని ఒప్పుకొనుటయు సులభము కాదు. మేము పొరుగు రాష్ట్రమున పండిత శిక్షణ పొందుచున్న దినములలో మా మాట విని తోడి విద్యార్థులు నవ్వెడివారు. మా తెలుగులో తమిళ కన్నడములు కలిసినవని వారి హాస్యము. కొన్ని నెలలు మేము నోరు విప్పుటయే తగ్గించితిమి. సెలవులలో ఇంటికి రాగా, ఇక్కడి బజారులో ఒకరు మమ్ము “ఏ ఊరివారు? ఆంధ్రము నుండి వచ్చితిరా?” అని అడిగిరి. అక్కడ పరాయివారము, ఇక్కడను పరాయివారము! ఆ రాత్రి అవ్వ రాగి సంగటి పెట్టి, అనపగింజల తోలు పిదికి పప్పు చేసి, చేనికి పోయిన కథ ఒకటి చెప్పెను. గొర్రు, గుంటక, కపిల, మేడి, నొగ అని ఆమె అలవోకగా పలికిన మాటలలో సగము మా తరగతిలో ఎవరును పలుకగా మేము వినియుండలేదు. మా తెలుగు తక్కువది కాదు, మేము దానిని మాదని చెప్పుకొనుటకు వెనుదీసితిమి, అంతే. తిరిగి పోయిన పిదప ఆ మాటలనే తరగతిలో పలికితిమి. నవ్వినవారిలో ఇద్దరు వాటిని వ్రాసికొనిరి.

తల్లిదండ్రులు కొందరు మమ్ము సూటిగా అడుగుచున్నారు: “అయ్యవారూ, తెలుగు చదివిన బిడ్డకు ఫ్యాక్టరీలో పని దొరుకునా? కాలేజీలో చోటు దొరుకునా?” ఈ ప్రశ్న తప్పు కాదు. బిడ్డ కూటి చింత తల్లిదండ్రులకు కాక ఎవరికి ఉండును? ఆంగ్లము వలదని మేము చెప్పము. ఈ వ్యాసమంతయు ఒక ఆంగ్ల పదము నేర్పిన పాఠమే గదా. బిడ్డను వేరొక మాధ్యమమున చేర్చినవారిని మేము నిందింపము. కాని బడి మారినంత మాత్రమున ఋణము తీరదు. దానిని ఇంటనైనను తీర్చుకొనవలెనని మాత్రమే మా మనవి.

ఆ ఋణము పెద్దది కాదు. విద్యార్థులారా, దినమునకు ఒక పుట తెలుగు చదువుడు. మాసమునకు ఒక ఉత్తరము దూరపు చుట్టములకు తెలుగున వ్రాయుడు. మీ అవ్వతాతల నోట వినిన మాటలను, వంటింటివి, చేనివి, పశువులవి, ఒక నోటు పుస్తకమున వ్రాసిపెట్టుడు. వారితో పోవు మాట మరల రాదు. తల్లిదండ్రులారా, ఆ పుస్తకము నింపుటకు బిడ్డతో కూర్చుండుడు. మీకు చదువు రాకున్నను మాట వచ్చును, అదియే చాలును. పెద్దలు చెప్పిన మూడు ఋణములలో ఋషిఋణము అధ్యయనముచేతనే తీరునని విని యున్నారు గదా.

ఒక ఋణము ఇంకను మిగిలినది. మనము త్రాగు నీరు ఈ నేలది, మనము తిరుగు బజారు తమిళము మాటలాడును. ఆ భాషను గూడ చక్కగా నేర్చుకొనుట మన విధి. చట్టమునకు వెరచి కాదు, పొరుగువాడు మనకు అయినవాడు గనుక. ఆంగ్లమున లేని ఒక విశేషము తెలుగునను తమిళమునను కలదు. వినువానిని కలుపుకొని ‘మన’ అందుము, విడిచి ‘మా’ అందుము. వారు ‘నమ్మ’ యనియు ‘ఎంగ’ యనియు ఇట్లే విడదీయుదురు. కావున తమిళ మిత్రునితో మాటలాడునప్పుడు ‘మా భాష’ అని వెరపు లేక చెప్పుడు. అదే నోట ‘మన ఊరు’ అనియు చెప్పుడు. రెండును నిజములే.

నాయనా, నీ ప్రశ్నకు ఇది మా సమాధానము. తెలుగు నీ సొంతమనుటకు పట్టా నీ అవ్వ నీకు పేరు పెట్టి పిలిచిననాడే నీ చేతికి వచ్చినది. కిస్తు మాత్రము నీవే కట్టవలెను. అది బాకీ పడకుండ ఏటేట కట్టుచుందువు గాక!