'అవునా' అనేసి ఊరుకుంటే

మన భాషలో 'అవునా' అంత పనికొచ్చే మాట ఇంకొకటి లేదేమో. 'అవును' చివర ప్రశ్నార్థకంగా ఒక 'ఆ' చేరితే 'అవునా' అయిందని బి.ఏ.లో మా వ్యాకరణం మాస్టారు ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ మాట చేసే పనులు ఎన్నో మాత్రం కాపురానికి వచ్చాకే తెలిశాయి. నమ్మితే అవునా, నమ్మకపోతే అవునా, అసలు వినకుండా కూర కలుపుతూ కూడా అవునా. ఎదుటివాళ్ళ మనసు నొప్పించకుండా, మనం ఏ మాటకీ కట్టుబడకుండా జారుకోవచ్చు. మా చిత్తూరు వైపు 'నిజమా ఏంది?' అని దీనికో తోబుట్టువు కూడా ఉంది. అది కాస్త గట్టిది, అందుకే పెద్దవాళ్ళ ముందు వాడం.

ఈ మధ్య ఇంట్లో ఈ మాట వాడకం బాగా పెరిగింది. మా అత్తగారి వైపు వాట్సాప్ గ్రూపులో పొద్దున పాలు పొంగేలోపే నాలుగు వింతలు దిగుతాయి. దీపావళి రాత్రి మన దేశం అంతరిక్షం నుంచి ఎట్లా మెరిసిపోతుందో నాసా తీసిన ఫొటో. చైనా గోడ చంద్రుడి మీద నుంచి కనిపిస్తుందని ఒకటి. మన జాతీయగీతాన్ని యునెస్కో ప్రపంచంలోకెల్లా గొప్పదిగా ప్రకటించిందని ఒకటి. మగవాళ్ళు బొటనవేలు పెడతారు, ఆడవాళ్ళం దండం బొమ్మ పెడతాం. చిన్నమామగారు పంపించిన దాన్ని పట్టుకుని 'ఇది అబద్ధం' అని కోడలు రాయగలదా చెప్పండి.

నాకేమో ఊరుకోబుద్ధి కాదు, మధ్యాహ్నం పని అయ్యాక వెతుక్కుంటాను. ఆ రంగుల ఫొటో దీపావళిది కాదు. 1992 నుంచి 2003 దాకా ఉపగ్రహాలు పంపిన సమాచారాన్ని కలిపి, ఏ ఏళ్ళలో ఎక్కడ కొత్తగా దీపాలు వెలిగాయో తెలిసేలా రంగులు వేసిన పటం అది. దీపావళి నాడు మనం అదనంగా పెట్టే దీపాలు అంత ఎత్తు నుంచి దాదాపు తెలియవని నాసావాళ్ళే 2012లో చెప్పారు. చైనా గోడ సంగతి చైనావాళ్ళే తేల్చేశారు. వాళ్ళ మొదటి వ్యోమగామి యాంగ్ లివెయ్ 2003లో పైకి వెళ్ళొచ్చి, తనకు గోడ కనిపించలేదన్నాడు. అతను చంద్రుడి దాకా కూడా పోలేదు, భూమి చుట్టూ తిరిగి వచ్చాడంతే. ఇక యునెస్కో అట్లాంటి ప్రకటన ఏదీ చేయనే లేదు.

వీటన్నిటికంటే నాకిష్టమైనది 2016లో రెండు వేల నోటు వచ్చినప్పటిది. నోట్లో నానో చిప్ ఉందనీ, భూమిలో 120 మీటర్ల లోతున దాచినా ప్రభుత్వానికి తెలిసిపోతుందనీ ప్రచారం. కొన్ని టీవీ చానెళ్ళు కూడా బొమ్మలు వేసి మరీ చూపించాయి. రిజర్వ్ బ్యాంకు కాదంది గానీ ఈలోపు పోపులపెట్టెలో డబ్బు దాచుకునే ఆడవాళ్ళు పడిన కంగారు ఇంతా అంతా కాదు. మెంతుల డబ్బా అడుగున ఉన్న నోటు ఢిల్లీకి తెలిస్తే పోనీ, ఇంటాయనకు తెలిస్తే ఎట్లా! 2023 మే 19న ఆ నోటునే వెనక్కి తీసుకుంటున్నామని ప్రకటించారు. చిప్ గురించి చెప్పినవాళ్ళు ఒక్కరూ ఆ రోజు నోరెత్తలేదు.

ఇట్లాంటివి పోనీలే అనే దాన్ని నేను. చైనా గోడ కనిపించినా కనిపించకపోయినా మా ఇంట్లో సాంబారు రుచి మారదు. పెద్దాయన సంతోషంగా పంపించారు, ఒక దండం పెడితే పోయేదేముంది? మా ఆయన ఒప్పుకోరు. ఇవాళ గోడని నమ్మిన చెవి రేపు మందుని నమ్ముతుందంటారు. ఈ విషయంలో మా ఇద్దరికీ ఇప్పటికీ కుదరలేదు.

ఇంకో సంగతి. నిజంగా నిజమైన వింతలు చెబితే మనవాళ్ళు నమ్మరు. మా శ్రీసిటీలో ఆల్‌స్టమ్ కంపెనీ మెట్రో రైళ్ళు తయారుచేస్తుంది. ఆస్ట్రేలియాలో సిడ్నీ ఊళ్ళో 2019 మే నెలలో డ్రైవరు లేకుండా నడిచే మెట్రో మొదలైతే, దానికి ఆరు పెట్టెల రైళ్ళు 22 ఇక్కడి నుంచే ఓడెక్కి పోయాయి. ఈ మాట సత్యవేడులో ఒక పెళ్ళిలో చెబితే పక్కన కూర్చున్నావిడ, 'ఊరికే చెప్పబాకు వదినా, వాళ్ళకి రైళ్ళు చేసుకోవడం రాదా' అని నవ్వేసింది. ఆవిడే అంతకు ముందు పది నిమిషాల సేపు, పలానా పండు గింజలు నమిలితే కళ్ళద్దాలు పోతాయని నాకు చెప్పింది.

తిరుపతి వాళ్ళయితే ఇది వినాలి. తిరుమలలో మనం ఇచ్చే తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుందనీ, అవి విగ్గుల కోసం విదేశాలకు పోతాయనీ మనకు తెలుసు. యూదుల్లో ఆచారం గట్టిగా పాటించే కుటుంబాల్లో పెళ్ళయిన ఆడవాళ్ళు సొంత జుట్టు పరాయివాళ్ళకు కనిపించనివ్వరు. అందుకని చాలామంది విగ్గు పెట్టుకుంటారు. 2004 మే నెలలో ఇజ్రాయెల్‌లో వాళ్ళ పెద్ద మతగురువు ఎల్యాషివ్, మన దేశం నుంచి వచ్చే జుట్టు గుడిలో మొక్కుగా ఇచ్చింది కాబట్టి దానితో చేసిన విగ్గులు వాడకూడదని తీర్పు చెప్పారు. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వీధుల్లో విగ్గులు కుప్పపోసి తగలబెట్టారు. మన కొండ మీద గీసిన జుట్టుకి అక్కడ మంటలు! ఎవరైనా ఫార్వర్డ్ చేస్తే నేనే 'నిజమా ఏంది?' అనేదాన్ని. అది చదివినప్పుడు నాకు మంటలకంటే, చిట్టీ కట్టినట్టు డబ్బు కూడబెట్టి ఆ ఖరీదైన విగ్గులు కొనుక్కున్న ఆడవాళ్ళు ఎక్కువ గుర్తొచ్చారు.

కాబట్టి 'అంతా అబద్ధమే' అని కొట్టిపారేయడం కూడా తెలివేమీ కాదు. అన్నీ నమ్మేవాళ్ళకీ, ఏదీ నమ్మనివాళ్ళకీ ఒక పని తప్పుతుంది. ఇద్దరూ చూడక్కర్లేదు.

చూడటం అంటే పెద్ద చదువు కావాలనుకుంటారు. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడని దేశమంతా గుళ్ళ ముందు వరుసలు కట్టింది గుర్తుందా? నేను హైస్కూల్లో ఉన్నాను. మా అమ్మమ్మ కూడా చెంబుతో పాలు తీసుకెళ్ళింది. స్వామి తొండానికి చెంచా ఆనిస్తే పాలు పోయిన మాట నిజమే. దండం పెట్టుకుని బయటికి వచ్చాక అమ్మమ్మ అన్నది ఇదీ: 'స్వామి తాగితే కింద అరుగంతా ఆ తడి ఏంది మే?' ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వ శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి అదే చూపించారు. పాలకున్న తలతన్యత వల్ల అవి చెంచా అంచు దాటి రాతికి అంటుకుని, కంటికి ఆననంత పల్చగా విగ్రహం మీదుగా కిందికి జారిపోతున్నాయి. అమ్మమ్మకు తలతన్యత తెలియదు, తడి తెలుసు. ఆవిడ వినాయక చవితి చేయడం ఏ ఏడూ మానలేదు. సందేహం వస్తే భక్తి పోతుందని భయపడేవాళ్ళకి ఈ ముక్క చెబుతుంటాను.

మనం చింతపండు నలిపి చూసి కొంటాం. కందిపప్పు ఒక బద్ద పంటికింద వేసి చూస్తాం. నగకి హాల్‌మార్క్ ఉందా అని తిప్పి తిప్పి అడుగుతాం. కొట్టువాడు ఏమనుకుంటాడో అని ఎప్పుడైనా మొహమాటపడ్డామా? వార్త దగ్గరికి వచ్చేసరికి 'ఎవరు చెప్పారు?' అని అడిగి ఊరుకుంటాం. అది అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు. నాసా చెప్పింది, యునెస్కో చెప్పింది, అమెరికాలో పెద్ద డాక్టరు చెప్పాడు. 'వాళ్ళకి ఎట్లా తెలిసింది?' అని ఇంకొక్క ప్రశ్న అడిగితే సగం కథలు అక్కడే నిలిచిపోతాయి.

పోయిన ఏడాది మా అత్తమ్మకి ఒక వీడియో వచ్చింది. బెండకాయలు నిలువునా చీల్చి రాత్రి నీళ్ళలో వేసి, పొద్దున ఆ నీళ్ళు పరగడుపున తాగితే షుగర్ పోతుందట, మాత్రలు అక్కర్లేదట. ఆవిడ బెండకాయ నీళ్ళు తాగడం నేను చూశాను, తాగితే తప్పేముందనుకున్నాను. వారం తిరిగేసరికి మాత్రల అట్ట తరగలేదని కంటపడింది. డెబ్బై ఏళ్ళ మనిషితో 'మీ వీడియో అబద్ధం అత్తమ్మా' అంటే ఏమవుతుంది? ఆవిడ మాత్రలు మానేయడం మానరు, నాకు చెప్పడం మానేస్తారు. అందుకని, 'మంచిది అత్తమ్మా, ఎంత తగ్గిందో చూద్దాం రండి' అని ఇంట్లో ఉన్న గ్లూకోమీటర్ తీశాను. పరగడుపున 231. ఆవిడ అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. నేనేమీ మాట్లాడలేదు. ఆ పూటే డాక్టరుకు ఫోన్ చేసి అడిగి మాత్రలు మళ్ళీ మొదలుపెట్టారు, రెండు వారాలు రోజూ నా ముందే వేలు చాచారు. అంకె దిగింది. బెండకాయ నీళ్ళు ఇప్పటికీ తాగుతారు, ఒక నోటుపుస్తకంలో అంకెలు కూడా ఆవిడే రాసుకుంటారు. ఈ మధ్య గ్రూపులో ఎవరో కాకరకాయ గురించి పెడితే 'ఎంత తగ్గింది?' అని రాశారు. చిన్నమామగారు ఇంకా జవాబివ్వలేదు.

ఇది నమ్మకం వల్ల వచ్చిన చిక్కు. అనుమానం వల్ల వచ్చేది ఇంకా మొండిది, ఎందుకంటే అనుమానించేవాళ్ళకి తామేదో జాగ్రత్తగా ఉన్నామనే ధైర్యం ఉంటుంది.

మా ఇంట్లో పనికి సాయం చేసే అమ్మాయి ఒకరోజు వాళ్ళింటి రేషన్ బియ్యం గురించి చెప్పింది. అందులో కొన్ని గింజలు కాస్త పసుపుగా ఉండి, కడిగితే నీళ్ళ మీద తేలుతున్నాయట. 'ప్లాస్టిక్ బియ్యం అక్కా, కూర్చుని ఏరి పారేస్తాండాం' అంది. ఈ ప్లాస్టిక్ బియ్యం కథ పాతదే. 2017 జూన్‌లో హైదరాబాద్‌లో పెద్ద గోల జరిగింది, పరీక్ష చేయించి మామూలు బియ్యమేనని అధికారులు చెప్పారు. అసలు ప్లాస్టిక్ గుళికలు కిలో ధర బియ్యం కంటే ఎక్కువ. నష్టం వచ్చే కల్తీ చేసే వ్యాపారిని నేనైతే ఎక్కడా చూడలేదు.

ఆ పిల్ల ఏరి పారేస్తున్నవి వేరే. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి, మళ్ళీ గింజ ఆకారంలో ఒత్తి, మామూలు బియ్యంలో నూటికి ఒకటి చొప్పున కలుపుతారు. ఫోర్టిఫైడ్ బియ్యం అంటారు. ప్రభుత్వ పథకాల బియ్యమంతా ఇట్లాగే ఇస్తామని 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించారు. మన రాష్ట్రంలో ఆడవాళ్ళు సగం మందికి పైగా రక్తహీనతతో ఉన్నారని ప్రభుత్వ సర్వేలే చెబుతున్నాయి కదా, అందుకోసం. దీనివల్ల ఎంత మేలు, ఇది అందరికీ పడుతుందా అని డాక్టర్లలో వాదన ఉంది. అది అడగాల్సిన ప్రశ్నే, తలసేమియా ఉన్నవాళ్ళు డాక్టరును అడిగే తినాలి. కానీ ప్లాస్టిక్ అనుకున్నవాళ్ళు ఆ ప్రశ్న దాకా రానే రారు.

ఆ అమ్మాయికి అంతకు ముందు నెలలోనే ఆరోగ్య కేంద్రంలో రక్తం తక్కువుందని చెప్పి ఇనుము మాత్రలు ఇచ్చారు. ఇంటికి పోయి, సాయంత్రం అరుగు మీద కూర్చుని, అదే ఇనుమును బియ్యంలోంచి ఒక్కో గింజా ఏరి కోళ్ళకు వేస్తోంది. కోళ్ళు మాత్రం బాగున్నాయట.

ఉపన్యాసం ఇవ్వకుండా, గుప్పెడు తెమ్మన్నాను. తెచ్చింది. ఇద్దరం ఆ గింజలే ఏరి చిన్న గిన్నెలో ఉడికించాం. అన్నం మెతుకుల్లాగే ఉబ్బాయి. వేళ్ళ మధ్య పెట్టి నలిపితే మెత్తగా నలిగిపోయాయి. తనే ఒకటి నోట్లో వేసుకుంది. 'ప్లాస్టిక్ ఇట్లా ఉడకదు గదక్కా' అంది, కాస్త సిగ్గుపడి, కాస్త కోపంగా. కోపం ఆ వీడియో చూపించిన వాళ్ళ మీద.

ఇప్పుడు తను ఏరడం లేదు. వాళ్ళ అత్త మాత్రం ఇంకా చేట పట్టుకునే కూర్చుంటోందట. కోడలు చెబితే వినదు గాబట్టి, ఈ ఆదివారం ఒకసారి ఆవిడనే మా ఇంటికి తీసుకురమ్మన్నాను. చిన్న గిన్నె కడిగి పెట్టాను.