కిటికీ తెరచిన చాలదు

వై.ఎన్. హొసకోట మొదలైన మన పావగడ తాలూకా నేత గ్రామములలో ఇల్లు వేరు, మగ్గము వేరు కాదు. మగ్గపు గుంట ప్రక్కనే ఉయ్యాల. గోడ కవతల పొయ్యి. దండెము మీద పట్టు చిలపలు. కొందరు ఆ యింటిలోనే రంగు కాచుచున్నారు. ఆసిడు ఘాటు ముక్కుకు తగిలినప్పుడు "కిటికీ తీయండి, పోవును" అనుకొందుము. అది పూర్తిగా పోదు.

మొన్న మా సంఘపు చీర నొకదానిని ఒక వర్తకుడు త్రిప్పి పంపెను. నేతలో లోపము లేదు. పొగ వాసన యట. చీర అంత వాసన పట్టినప్పుడు, ఆ గదిలో పండుకొను బిడ్డ పీల్చిన దెంత?

బీరువాలో కలరా ఉండలు తీసివేసినను చీరకు ఆ వాసన చాలనాళ్లు వదలదని మన ఆడవారందరు ఎరుగుదురు. పట్టు, నూలు, బొంత, మట్టిగోడ, కొయ్య అన్నియు నంతే. ఉప్పు మూట చెమ్మను పీల్చినట్లు గాలిలోని ఆవిరులను పట్టుకొని, గాలి తేటపడిన పిదప మెల్లగా విడుచును. గది వేడెక్కిన మరింత విడుచును.

2018 జూన్‌లో అమెరికాలోని ఆస్టిన్ నగరమున శాస్త్రజ్ఞులు ఒక పరీక్ష ఇంటిలో వంట చేసి, నేల తుడిచి, గాలిని కొలిచిరి. కిటికీలు తెరచినప్పుడు తగ్గిన ఆవిరులు, మూసిన తరువాత మరల పెరిగినవి. 2023లో వెలువడిన మరియొక పరిశోధనలో, పొగ పట్టిన ఇంటికి గాలి మార్చుటకంటె ఇంటిని తుడిచి శుభ్రపరచుటయే నిలుకడైన మేలు చేసినట్లు తేలినది.

మనకు మరియొక చిక్కు గలదు. ఈ మెట్టసీమ పొడిగాలికి పోగులు తెగునని, నేయువేళ కిటికీలు మూసుకొందుము. పూర్వము పెంకుల సందులనుండి గాలి ఆడెడిది. సిమెంటు కప్పునకు సందులు లేవు.

కావున ఘాటును లోనికి రానీయకుండుటయే మార్గము. మగ్గపు గదిలో రంగు కాచుట, బీడీ కాల్చుట, దోమల చుట్ట వెలిగించుట మానవలెను. తెల్లవారగనే, మగ్గమునకు దిగకముందు, తలుపులు తెరువవలెను. నేల, కొయ్య తడిగుడ్డతో తుడువవలెను, బొంతలు ఉతుకవలెను.

ఇందు మా తప్పును గలదు. రంగుపొడి, ఆసిడు పంచితిమి గాని, ఎక్కడ కాచుచున్నారని ఏనాడును అడుగలేదు. వచ్చు సర్వసభ్య సమావేశమున, ఊరి వెలుపల అందరికి నొక రంగుకొట్టము కట్టవలెనని తీర్మానము తేనున్నాము. ఒక యేడు డివిడెండు తగ్గవచ్చును. సభ్యులు దానికి సమ్మతింపవలెనని మా మనవి. డివిడెండు మరుసటి యేడు వచ్చును. బిడ్డల ఊపిరి చెడిన తిరిగి రాదు.