కనుమ నాటి కాకి

పండుగకు ఊరు వెళ్ళడాన్ని గురించి వ్రాసినవారు కోకొల్లలు. రిజర్వేషన్లు దొరక్కపోవడం, బస్సులవాళ్ళు రెట్టింపు పుచ్చుకోవడం, కొత్త అల్లుడికి వందల రకాలు వండి విస్తరిలో చోటు చాలక బల్లనిండా పరచి ఫొటోలు తీయించడం, ఇవన్నీ ఏటేటా అచ్చవుతూనే ఉన్నాయి, మనం ఏటేటా చదువుతూనే ఉన్నాం. కాని పండుగ అయిపోయి, పెట్టె సగం సర్దుకుని, ఇంకా బయలుదేరకుండా ఉండే ఆ ఒకటిన్నర రోజు ఉంది చూశారూ, దాని ఊసు ఎవరూ ఎత్తరు. నామటుకు నాకు సెలవంటే అదే.

మిగతా చోట్ల ఎలా ఉంటుందో గాని, కోనసీమలో మాత్రం ఈ ఆఖరి రోజులకు ఒక దర్జా ఉంది. కారణం అది దీవి కావడమే. పటం తీసి చూడండి. ఒక పక్క గౌతమి, ఇంకో పక్క వసిష్ఠ, దిగువన బంగాళాఖాతం, అవి చాలవన్నట్టు నడిమధ్యన వైనతేయ. ఎటు కదిలినా నీళ్ళే. వంతెనలు లేని రోజుల్లో ఊరునుంచి వెళ్ళడమంటే రేవులో కూర్చోవడం అన్నమాట. పడవ నిండాలి, గాలి సరిపడాలి, పడవవాడికి బుద్ధి పుట్టాలి. ఈ మూడూ కూడేసరికి చుట్టాలకు మరొక పూట భోజనం అయ్యేది.

ఇప్పుడు వంతెనలున్నాయి. 2002లో ఎదుర్లంకనుంచి యానానికి గౌతమిమీద వంతెన వచ్చాక కాకినాడ వెళ్ళిరావడం ఒక పూట పని అయింది. సఖినేటిపల్లినుంచి నరసాపురం వెళ్ళాలంటే మాత్రం ఇప్పటికీ పంటు ఎక్కవలసిందే. మనిషీ, మోటారు సైకిలూ, కారూ, కూరగాయల తట్టా అన్నీ ఒకే బల్లమీద నిలబడి వసిష్ఠను దాటుతాయి. ఇక రైలంటారా? కోటిపల్లినుంచి నరసాపురానికి మంజూరైన మార్గం రెండు దశాబ్దాలు దాటినా పూర్తికాలేదు. గౌతమిలో స్తంభాలు లేచాయి, కూత మాత్రం వినపడలేదు.

వంతెనలు వచ్చి అందం పోయిందని వాపోయేవారు కొందరున్నారు. వారితో నాకు పేచీ ఉంది. పురిటి నొప్పులు పడుతున్న పిల్లను నులకమంచంమీద రేవుకు మోసుకొచ్చి, అవతలి ఒడ్డున లాంతరు కనబడుతుందేమోనని తెల్లవార్లూ చూసిన ఇళ్ళవారిని అడిగితే అందం సంగతి చెబుతారు.

మా స్నేహితుడి కూతురు కిందటేడు గ్రీసు దేశంలో ఒక దీవికి సెలవుకు వెళ్ళివచ్చింది. వేసవిలో ఈజియన్ సముద్రంమీద ఉత్తరంనుంచి ఒక గాలి వీస్తుంది. మెల్టెమి అంటారు దాన్ని. అది ముదిరితే రేవు అధికారులు ఓడలను కదలనివ్వరు. ఈ పిల్ల తిరుగు ప్రయాణం నాడే గాలి లేచింది. పెట్టె సర్దుకున్నాక రెండు రోజులు చిక్కడిపోయింది. "అంకుల్, అంతకుముందు వారం రోజులూ తిరిగాం, ఫొటోలు తీసుకున్నాం. ఆ రెండు రోజులే మేం నిజంగా అక్కడ ఉన్నాం" అంది. వయసుకు మించిన మాటే అన్నదనుకున్నాను.

మనకు ఆ గాలి చేసే పని కాకి చేస్తుంది. కనుమ నాడు కాకైనా కదలదన్నారు పెద్దలు. కాకి సంగతి నేను పరిశీలించలేదు గాని, మా పిన్ని ఇంటినుంచి మాత్రం కనుమ నాడు ఇంతవరకు ఎవరూ కదల్లేదు. కదలబోతే ముందు గారెలు వస్తాయి, తరువాత అలక వస్తుంది.

పిన్నిది అంబాజీపేట దాపుల ఊరు. డెబ్భయి ఎనిమిదేళ్ళ మనిషి. బాబాయి పోయి ఆరేళ్ళయింది. అప్పటినుంచి ఆ మండువా లోగిలిలో ఒక్కతే ఉంటోంది. మొన్నటి సంక్రాంతికి మేమంతా అక్కడే చేరాం. భోగి, పెద్దపండుగ ఎలా గడిచాయో చెప్పను. తిన్నాం, పడుకున్నాం, లేచి మళ్ళీ తిన్నాం. పనసపొట్టు కూర, పోకుండలు, కొబ్బరి లౌజు. దీనికి అక్షరాలు ఖర్చు పెట్టడం దండుగ.

కనుమ నాడు జగ్గన్నతోట వెళ్ళాం. మొసలపల్లి దగ్గర అదొక కొబ్బరితోట. అక్కడ గుడి లేదు, గోపురం లేదు. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళనుంచి పదకొండుగురు శివుళ్ళు ప్రభలమీద అక్కడికి వస్తారు. వ్యాఘ్రేశ్వరం, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి, ఇలా. వెదురుతో కట్టి, రంగురంగుల బట్టలు చుట్టి, గంటలు వేలాడదీసిన ప్రభ ఒక్కొక్కటి ఇంటికప్పును మించి ఉంటుంది. దాన్ని బండిమీద లాగరు. భుజాలమీద మోస్తారు. 2023లో ఢిల్లీ రిపబ్లిక్ దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటంగా వెళ్ళింది ఈ ప్రభల తీర్థమే. కాని శకటంమీద చూసినవారికి అసలు సంగతి తెలియదు. అసలు సంగతి కౌశిక దగ్గర ఉంది. గంగలకుర్రు ప్రభలూ, గంగలకుర్రు అగ్రహారం ప్రభలూ తోటకు చేరాలంటే కౌశిక కాలువ దాటాలి. వంతెనమీదుగా కాదు, నీళ్ళలోంచే. కుర్రవాళ్ళు గుండెలోతు నీళ్ళలో దిగి, "అశ్శరభ శరభా" అంటూ, తలమీద ప్రభ ఊగిపోతూంటే అవతలి గట్టుకు ఎక్కిస్తారు. గట్టుమీద ఉన్నవాళ్ళకు ఊపిరి ఆడదు.

అంతకుముందు చేలు దాటాలి. దాళ్వాకు అప్పుడే ఊడ్చిన చేలు. పచ్చటి నాట్లను తొక్కుకుంటూనే ప్రభ వెళుతుంది. ఏ రైతూ అడ్డు చెప్పడు. తన చేలోంచి స్వామి వెళ్ళాడని సంతోషిస్తాడు. ఆ దారిలోనే పిన్నికి ఒక అరెకరం ఉంది.

ఈ తీర్థంలో నాకు అన్నిటికంటె నచ్చిన ముచ్చట ఇంకొకటి. మొసలపల్లి భోగేశ్వరుడు ఆతిథ్యమిచ్చే దేవుడు. తోట ఆయన ఊరిది. అందుచేత ఆయన అందరికంటె ముందు వచ్చి కూర్చుంటాడు. పదిమందినీ సాగనంపిన తరువాతగాని తన గుడికి బయలుదేరడు. చుట్టాలు వెళ్ళేటప్పుడు ఇంటి పెద్ద లోపల పడుకోకూడదన్న మర్యాద ఈ సీమలో దేవుళ్ళకు కూడా వర్తిస్తుందన్నమాట.

ఆ రాత్రి అరుగుమీద కూర్చున్నప్పుడు మా తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, మాట కదిపాడు. ఇటువంటి మాటలు మొదటి రోజున ఎవరూ ఎత్తరు, గమనించారా? మొదటి రోజున ఎత్తితే పండుగ చెడుతుంది. ఎత్తకుండా వెళ్ళిపోతే ఏడాది చెడుతుంది. అందుకని ఎక్కడైనా కష్టమైన మాటలన్నీ ఆఖరి రోజుల్లోనే బయటపడతాయి.

కార్తీకమాసంలో పిన్ని నూతి పళ్ళెంమీద జారిపడింది. పాలమనిషి వచ్చేదాకా, అంటే రెండు గంటలసేపు, అక్కడే ఉండిపోయింది. ఎముక విరగలేదు గాని, ఆ సంగతి తెలిసినప్పటినుంచి హైదరాబాదులో తమ్ముడికి నిద్రలేదు. "అమ్మా, చేనూ తోటా అమ్మేసి నువ్వు మాతో వచ్చెయ్యి. చేనుకు మంచి బేరం వచ్చింది. మెరక చేసి ఇళ్ళస్థలాలు వేస్తారట" అన్నాడు. వాణ్ణి తప్పుపట్టలేం. కొడుకన్నవాడు అడగవలసిన మాటే.

పిన్ని అటకమీదనుంచి దింపించిన కురిడీ కాయలు ముందు వేసుకుని కూర్చుంది. తెలియనివారికోసం చెబుతున్నాను: ముదురు కొబ్బరికాయలను నెలల తరబడి అటకమీద వదిలేస్తే లోపలి నీళ్ళు ఇగిరిపోయి, కొబ్బరి చిప్పనుంచి విడివడి గుండులా కదులుతుంది. చెవి దగ్గర పెట్టి ఊపితే గడగడమంటుంది. అదీ కురిడీ. పిన్ని ఒక్కొక్కకాయ ఊపుతూ, పలికినవి మా సంచుల్లోనూ, పలకనివి పక్కనా పెడుతోంది.

"వచ్చేస్తాన్రా" అంది. అంత తేలికగా ఒప్పుకుంటుందని మేమెవరం అనుకోలేదు. "నూతి దగ్గర పడ్డప్పుడే అనుకున్నాను. మరి ప్రభ ఎటు వెళుతుంది?"

"రోడ్డుమీదుగా వెళుతుందమ్మా."

"కరెంటు తీగలో?"

తమ్ముడు మాట్లాడలేదు.

"తోట అమ్ము. కాయ దింపడానికి మనిషి దొరకడంలేదు, అదెలాగూ తలనొప్పే. ఇల్లు తాళం వేద్దాం. చేను మటుకు అడక్కు." ఇంకో కాయ చెవి దగ్గర పెట్టుకుంది. పలకలేదు కాబోలు, పక్కన పెట్టింది.

తమ్ముడికి కోపం వచ్చింది. అరెకరం చేనుకోసం ఏటా రానూపోనూ ఖర్చులూ, కౌలు గొడవలూ ఏమిటని నాతో చాటుగా అన్నాడు. నేనూ లెక్క వేసి చూశాను. వాడన్నది నిజమే. కౌలు డబ్బులు బస్సు చార్జీలకు చాలవు.

ముక్కనుమ మధ్యాహ్నం అంతా సర్దుళ్ళే. ఆవకాయ జాడీకి గుడ్డ కట్టడం, సున్నుండల డబ్బాకు మూత పట్టకపోతే రెండు తినేసి మూత పట్టించడం. ఆత్రేయపురం పూతరేకులు అందరికంటె పైన. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు వచ్చినా నలిగే గుణం పోలేదు మరి. పక్కింటి పిల్ల ఆ సాయంత్రమే కువైట్ వెళ్ళిపోతూ పిన్నికి చెప్పడానికి వచ్చింది. రెండేళ్ళదాకా రాదట. పిన్ని ఆ పిల్ల చేతిలో నాలుగు కురిడీలు పెట్టింది. ఆ పిల్ల వెళ్ళిన తరువాత చాలాసేపు వీధి గుమ్మంలోనే నిలబడింది. సెలవు ఆఖరి రోజులు వెళ్ళేవాళ్ళవని మనం అనుకుంటాం. మన హడావుడి మనది. ఆ ఇంట్లో ఆ రోజులు ఎవరివో ఆ గుమ్మంవైపు చూస్తే తెలిసింది.

మర్నాడు ఆరింటికి ప్రయాణం. కోనసీమ పుష్యమాసపు మంచు మీకు తెలుసుగదా, వాకిట్లో నిలబడితే వీధి కనపడదు. కారు డ్రైవరు ఇంకాసేపు ఆగుదామన్నాడు. మరో అరగంట సెలవు దొరికిందని కాఫీ తాగుతూండగా, తమ్ముడు కనబడలేదు. వెతుక్కుంటూ వెళితే చేను గట్టుమీద ఉన్నాడు.

చేలో కౌలురైతూ, అతని భార్యా మోకాళ్ళలోతు బురదలో వంగి ఉన్నారు. ప్రభ వెళ్ళిన మేర నాట్లు నేలకు అణిగిపోయి, ఆ మంచులో కూడా ఒక బాట స్పష్టంగా కనబడుతోంది. అణిగిన కుదుళ్ళను ఒక్కొక్కటే లేవనెత్తి సరిచేస్తున్నారు.

"చాలా పోయినట్టుందే" అన్నాడు తమ్ముడు.

"ఆయ్, లేత్తాయండి బాబుగారూ. రెండ్రోజుల్లో లేత్తాయి. లేవనివి మళ్ళీ ఊడ్సుకుంటాం. అమ్మగారు ఎల్లిపోతన్నారంటగా?"

తమ్ముడు జవాబు చెప్పలేదు. చెప్పులు గట్టుమీద వదిలి పంట్లాం మడుచుకుని దిగాడు. ఇరవై ఏళ్ళయి ఉంటుంది వాడు బురదలో కాలు పెట్టి. రెండు చాళ్ళు సరిచేసేసరికి నడుం పట్టుకుని లేచాడు. గట్టుమీద నిలబడి ఫోను తీసి ఎవరికో చేశాడు. "తోట సంగతి మాట్లాడండి. చేను సంగతి దాళ్వా కోతల తరువాత చూద్దాం. కాదండీ, ధర గురించి కాదు" అన్న మాటలు నాకు వినిపించాయి.

మేం వచ్చేసరికి పిన్ని కారు దగ్గర నిలబడి ఉంది. వాడి కాళ్ళకేసి చూసింది. ఎక్కడికి వెళ్ళావని అడగలేదు.

"అది అద్దె కారు. కాళ్ళు కడుక్కుని ఎక్కు" అంది.