మన బడికి ఒక ఎముకల పెట్టె కావాలి

పిల్లలూ! ఈసారి మీ ఇంట్లో గొరక చేప పులుసు పెట్టినప్పుడు తలకాయ ముక్క మీరే అడిగి వేయించుకోండి. తిన్న తరువాత పుర్రె భాగాన్ని మెల్లగా విప్పి చూడండి. అటొకటి, ఇటొకటి తెల్లని గట్టి రాళ్లు రెండు దొరుకుతాయి. అవి ఎముకలు కావు. చేప నీటిలో ఒరిగిపోకుండా నిలదొక్కుకోవడానికి, శబ్దాన్ని పసిగట్టడానికి అవి పనికివస్తాయి. వాటిని చెవిరాళ్లు అనవచ్చు. కాల్షియం కార్బొనేటుతో తయారైనవి గనుక సుద్దకు చుట్టాలన్నమాట! చేప పెరుగుతున్నకొద్దీ వాటిపై పొర మీద పొర పేరుకుంటుంది. ఒక్కొక్క జాతి చేపకు ఒక్కొక్క ఆకారం. మీరు పెంటమీద పారవేసిన ఆ రాయిని చూసి వేల ఏళ్ల తరువాత ఒక శాస్త్రజ్ఞుడు "ఈ ఊరివాళ్లు గొరక చేప తిన్నారు. అది సుమారు ఇంత పొడవుది" అని చెప్పగలడు.

కాని దానికొక షరతు ఉంది. పోల్చి చూడడానికి ఆయన దగ్గర జాతి తెలిసిన గొరక చెవిరాయి ఒకటి ముందే ఉండాలి. నేను చెప్పదలచుకొన్నదంతా ఈ షరతు గురించే.

పాత ఎముకను గుర్తించడమంటే ఏదో దివ్యదృష్టి అనుకొంటారు చాలామంది. అలాంటిదేమీ కాదు. తెలిసిన ఎముకను పక్కన పెట్టుకొని తెలియని ఎముకను అటూ ఇటూ తిప్పి చూడడమే ఆ పని. కర్నూలు ప్రాంతంలో, ఇప్పటి నంద్యాల జిల్లా బేతంచర్ల దగ్గర, బిల్లసర్గం గుహలున్నాయి. 1884-85లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ ఆ గుహలను తవ్వించి ఎన్నో ఎముకలు వెలికితీశారు. వాటిని రిచర్డ్ లిడెక్కర్ అనే శాస్త్రజ్ఞుడు పరిశీలించి 1886లో నివేదిక ప్రచురించాడు. అందులో ఖడ్గమృగం ఉంది! దానికి కర్నూలు పేరే పెట్టాడు కూడా. ఈనాడు ఖడ్గమృగాన్ని చూడాలంటే మనం అస్సాం దాకా పోవాలి. దాదాపు 130 ఏళ్ల తరువాత మరో బృందం అవే గుహలను మళ్లీ పరిశీలించి 2014లో ఫలితాలు ప్రకటించింది. వాళ్లు గుర్తించిన 21 రకాల క్షీరదాలలో 20 రకాలు కనీసం లక్ష సంవత్సరాలుగా మన ఉపఖండంలో ఎక్కడో ఒకచోట బతుకుతూనే ఉన్నాయట. ఇంత పెద్ద మాట చెప్పడానికి ఆధారం విరిగిన పళ్లు, దవడ ముక్కలు!

పొరపాటు పడితే చరిత్రే తప్పుదారి పడుతుంది. కర్ణాటకలో తుంగభద్ర ఒడ్డున హల్లూరు అనే చోట దొరికిన ఎముకలను కె.ఆర్. ఆలూర్ పరీక్షించారు. ఆయన వృత్తిరీత్యా పశువైద్యుడు. వాటిలో గుర్రం ఎముకలున్నాయని ఆయన 1971లో రాసేసరికి చరిత్రకారుల మధ్య పెద్ద వాదం చెలరేగింది. గుర్రానివా, గాడిదవా? ఎంత కాలం నాటివి? నాలుగు ఎముక ముక్కల మీద పండితులు ఏళ్ల తరబడి తగవు పడ్డారు. అంతెందుకు, మన మందలో పక్కపక్కన నడిచే మేకను, గొర్రెను ఎముకలుగా విడదీసి ఇస్తే విడివిడిగా గుర్తించడం నిపుణులకే కష్టం. దానికి జింక కూడా తోడైతే చెప్పనక్కరలేదు.

చేపల సంగతి మరీ ప్రత్యేకం. మన తీరం పిల్లలకు ఇందులో పట్నం పిల్లలకంటే సగం పాఠం ముందే వచ్చు. చేప వెన్నుపూసను పట్టి చూడండి, రెండు వైపులా గుంటపడి డమరుకంలా ఉంటుంది. మేక వెన్నుపూస అలా ఉండదు. జెల్ల చేప ముల్లు గుచ్చుకొంటే ఎంత మంటో మీకు తెలుసు. రంపపు పళ్లున్న ఆ గట్టి ముల్లు మట్టిలో చాలాకాలం నిలుస్తుంది. టేకు చేప తోక ముల్లూ అంతే. సొరచేపకు ఎముకలే లేవు, ఒళ్లంతా మృదులాస్థి. అది కుళ్లిపోతుంది. పళ్లు, సున్నం పట్టి గట్టిపడిన వెన్నుపూసలు మాత్రం మిగులుతాయి. కనుక తవ్వకంలో సొర పళ్లు నాలుగే దొరికాయి కాబట్టి సొరను అరుదుగా తిన్నారని తేల్చేయకూడదు. కవళ్ల వంటి చిన్న చేపలను మనం ముల్లుతో సహా నమిలేస్తాం. మిగిలింది కుక్కలు, కాకులు చూసుకొంటాయి. తిన్నదానికీ, మట్టిలో మిగిలినదానికీ మధ్య ఇంత దూరం ఉంది.

లెక్కపెట్టడంలోనూ ఒక చమత్కారం ఉంది. ఒక గుంటలో గొరక చెవిరాళ్లు 25 దొరికాయనుకొందాం. 25 చేపలని రాస్తే తప్పు. ఎడమవి 14, కుడివి 11 అయితే కనీసం 14 చేపలు ఉండి ఉండాలి. అంతవరకే మనం రూఢిగా చెప్పగలం.

ఒక ప్రయోగం చేయండి. రకరకాల చేపల ముళ్లు, కోడి ఎముకలు, మేక ఎముకలు లెక్కపెట్టి ఒక తొట్టి ఇసుకలో కలపండి. ఆ తొట్టిని వేరే తరగతి పిల్లలకు ఇచ్చి ముందు చేత్తో ఏరమనండి. తరువాత మేస్త్రీలు వాడే ఇసుక జల్లెడతో, చివరకు పిండి జల్లెడతో జల్లించమనండి. ప్రతిసారీ దొరికినవి లెక్కరాయండి. చేత్తో ఏరినప్పుడు మేక ఎముకలే ఎక్కువ దొరుకుతాయి. చేపలు కనబడేది పిండి జల్లెడలోనే. పూర్వం చాలా తవ్వకాలలో సన్నని జల్లెడ వాడలేదు. అలాంటిచోట "వీరు వేటగాళ్లు, చేపలు పెద్దగా పట్టలేదు" అని ఎవరైనా రాస్తే, ఆ మాటను మీ తొట్టిని తలచుకొని చదవండి.

ఇప్పుడు మన ఉద్దానం సంగతికి వద్దాం. పలాసలో రైలెక్కి బరంపురం, బలుగావ్ దాటి ఖుర్దా వైపు పోతుంటే చిలకా సరస్సు ప్రాంతం వస్తుంది. అక్కడ గోల్‌బాయ్ శాసన్ అనే ఊళ్లో 1990 దశకం మొదట్లో భారత పురావస్తు శాఖవారు తవ్వకాలు జరిపారు. నవీన శిలాయుగం నుంచి జనం నివసించిన చోటు అది. రాతి గొడ్డళ్లతో పాటు ఎముక పనిముట్లు కూడా దొరికాయి. మన జిల్లాలోనే శాలిహుండంలో బౌద్ధ స్తూపాలున్నాయి. స్తూపాల గురించి పాఠం చెప్పేటప్పుడు ఒక్క విద్యార్థీ "అప్పటివాళ్లు ఏం తిన్నారు మాస్టారూ?" అని అడగడు. నేనే అడగాల్సి వస్తుంది. స్తూపం చరిత్రే, పులుసు గిన్నె మాత్రం చరిత్ర కాదని మనకెవరు నేర్పారో!

తీరం మారిపోతున్నది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు కూలిన కొబ్బరిచెట్లు వేళ్లతో పాటు లోపలి మన్నును పైకి తెచ్చాయి. రొయ్యల చెరువులకు యంత్రాలతో భూమి తవ్వుతున్నారు. 2023లో మూలపేట దగ్గర రేవు పనులు మొదలైనాయి. చెరువులు, రేవులు వద్దని నేననడం లేదు. వాటి మీద బతికేవారున్నారు. అయితే యంత్రపు తొట్టెలో గవ్వల పొర, నల్లమన్ను, కాలిన ఎముక కలిసి పైకి వస్తే "ఆగండి, ఒకసారి చూద్దాం" అనగల మనిషి ఊళ్లో ఒకరుండాలి. గవ్వల మధ్య ఎముకలు బాగా నిలుస్తాయని తెలుసా? గవ్వల సున్నం మట్టిలోని ఆమ్లాన్ని విరిచేస్తుంది. ఆమ్లాలు, క్షారాల పాఠం ఇక్కడ పనికివచ్చింది చూశారా!

అందుకే మన తీరంలోని ప్రతి ఉన్నత పాఠశాలలోనూ ఒక ఎముకల పెట్టె ఉండాలంటున్నాను. ప్రయోగశాల బీరువాలో సీసాలో కప్ప ఉంటుంది, నక్షత్ర చేప ఉంటుంది. బడి పక్కనే తెప్పలు దిగే చోట కూడా ఒక్క కోనెం వెన్నుపూస ఉండదు. దీనికి డబ్బు కారణమని నేనొప్పుకోను. ఇంట్లో వండగా మిగిలిన ముళ్లకు ఖరీదేమిటి?

"అది నిపుణుల పని, పిల్లలకెందుకు?" అంటారు కొందరు. పూణెలోని డెక్కన్ కళాశాల వంటి చోట్ల పోలిక కోసం ఎముకలను భద్రపరచి ఉంచారు, నిజమే. కాని ఒకే చేపలో జానెడుదీ, మూరెడుదీ, మన వలలో పడిందీ, ఏ నెలలో పడిందో తెలిసిందీ కావాలంటే ఆ పని తీరంలో ఉన్నవాళ్లే చేయాలి. పైగా చేపల పేర్లు తెలిసిన తాతలు మీ ఇళ్లలో ఉన్నారు. వాళ్ల కొడుకులు గుజరాత్ వేరావల్ రేవుకు వలసపోయి అక్కడి పడవలపై పనిచేస్తున్నారు. ఒకే చేపను మనవైపు కోనెం అంటాం, దక్షిణాన వంజరం అంటారు. ఆ పేర్లు ఎముకతో పాటు చీటీ మీద ఎక్కకపోతే తాతతోనే పోతాయి.

ఎముక ముట్టుకొంటే మైల అనేవారూ ఉన్నారు. వారితో నేను వాదించను. సబ్బు, నీళ్లు ఎక్కడున్నాయో చూపిస్తాను. ముట్టుకోవడం ఇష్టంలేని పిల్లలు బొమ్మలు గీయవచ్చు, చీటీలు రాయవచ్చు. ఈ పనిలో సగం అదే.

తయారుచేసే పద్ధతి తేలిక. మీ ఉపాధ్యాయుల సమక్షంలో ముళ్లను గోరువెచ్చని సబ్బునీటిలో రెండు మూడు రోజులు నానబెట్టి, పాత పళ్లబ్రష్షుతో రుద్ది, నీడలో ఆరబెట్టండి. ఎక్కువసేపు మరిగిస్తే చిన్న ఎముకలు పాడవుతాయి. బ్లీచింగ్ పొడి వద్దు, ఎముక గుల్లబారుతుంది. చేతులు శుభ్రంగా కడుక్కోండి.

రెండు విషయాలు మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఒడ్డుకు కొట్టుకువచ్చిన సముద్రపు తాబేలు ఎముకలు, డిప్ప తీసుకోవద్దు. తేలినీలాపురంలో రాలిన కొంగల, గూడబాతుల ఎముకలూ వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి రక్షణ ఇచ్చింది. చచ్చిపడిన జంతువును తాకితే రోగాలు కూడా రావచ్చు. ఇక ఎక్కడైనా పాత పెంకులు, ఎముకలు బయటపడితే మీరు తవ్వకండి. ఏ పొరలో ఏది ఉందో చెదిరిపోతే ఆ ఎముక నోరు మూసుకొన్నట్లే. ఫొటో తీసి, చోటు రాసుకొని, మాస్టారికి చెప్పండి. ఆయన పురావస్తు శాఖకు రాస్తారు.

మొదటి చీటీ ఎలా రాయాలో చెబుతాను. చేప పేరు: మీ ఇంట్లో పిలిచేది, పుస్తకంలోది రెండూ. మొత్తం పొడవు సెంటీమీటర్లలో, వండకముందు కొలిచింది. పట్టిన రేవు, తేదీ, వల రకం. పేరు చెప్పినవారు ఎవరు. ఎముకలు శుభ్రం చేసినవారు ఎవరు. పెన్సిలుతో రాయండి, సిరా అయితే తేమకు అలుక్కుపోతుంది.